కీళ్లవాతానికి చీటీ రాస్తే సరిపోదు: ఒడిశా సరిహద్దు జిల్లాల ఆరోగ్యాధికారులకు, డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ అధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లకు, మందుల షాపుల వారికి,

నమస్కారం.

మేం గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్లం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంతో బతుకుతున్నవాళ్లం, వాళ్ల ఇంటివాళ్లం. ఈ జబ్బు మందుల విషయంలో మేం పడుతున్న ఇబ్బందుల మీద కిందటేడు ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నారు, నకలు మీద ముద్ర వేసి ఇచ్చారు. మళ్లీ వెళ్లి అడిగితే పైకి పంపామన్నారు. పై నుంచి ఇంతవరకు ఏ మాటా రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

రాస్తున్న నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సుద్దముక్క పట్టుకోలేని స్థితికి వెళ్లి, మందులతో మళ్లీ బోర్డు మీద రాయగలుగుతున్నదాన్ని. కాబట్టి ఈ లేఖ మందుల మీద కోపంతో రాసింది కాదు. ఆ మందులు నాకు దొరికినట్టు, నాకు అర్థమైనట్టు మా చుట్టుపక్కల ఆడవాళ్లకు దొరకడం లేదు, అర్థం కావడం లేదు. అదీ బాధ.

ముందు జబ్బు సంగతి. మా ఊళ్లలో కీళ్ల నొప్పి అంటే వయసు మీద పడడమే అనుకుంటారు. ఇది ఆ అరుగుదల కాదు. రోగాలతో పోరాడవలసిన ఒంటి రక్షణ వ్యవస్థే దారితప్పి సొంత కీళ్ల పొర మీద పడుతుంది. వేళ్ల కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు రెండు వైపులా వాస్తాయి. పొద్దున్న లేచాక గంట గడిచినా పిడికిలి బిగియదు. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ 80 లక్షల మందికి ఈ జబ్బు ఉందని, వాళ్లలో 70 శాతం ఆడవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా దగ్గర ఆ ఆడవాళ్లంటే ఊడ్పులకు వెళ్లేవాళ్లు, జీడిపిక్కలు కొట్టేవాళ్లు, అడ్డాకుల విస్తళ్లు కుట్టేవాళ్లు. వేలు వంగకపోతే ఆ రోజు కూలి లేదు. ఎముక కొరుక్కుపోవడం చాలామందికి మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. ఒకసారి వంకర తిరిగిన వేలిని ఏ మందూ మళ్లీ సరిచేయలేదు. అందుకే మొదటి నెలల్లోనే సరైన మందు మొదలుకావాలి.

మందులు లేవని మేం అనడం లేదు, ఉన్నాయి. ప్రతి మందుకూ ఒక మేలు, ఒక ప్రమాదం ఉన్నాయి. ఏది ఎవరికి సరిపడుతుందో తూచి చూడాలి, ఆ తూచినదేదో రోగికి అర్థమయ్యేలా చెప్పాలి, ఆ తర్వాత పరీక్షలతో కనిపెట్టుకుని ఉండాలి. మాకు అందుతున్నది చీటీ ఒక్కటే. దానివల్ల జరుగుతున్నది కింద రాస్తున్నాను.

1. వారం మందును రోజూ మింగుతున్నారు.

ఈ జబ్బుకు మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. వారంలో ఒకే రోజు వేసుకోవాలి. మోతాదు మామూలుగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అదే బిళ్లను రోజూ మింగితే నోరంతా పుండ్లు పడతాయి, ఎముక మూలుగ రక్తకణాలు తయారుచేయడం మానేస్తుంది, ప్రాణం పోవచ్చు. ఈ పొరపాటు అన్ని దేశాల్లోనూ జరుగుతోంది. అందుకే ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లో గట్టి నియమాలు పెట్టింది. పెట్టె మీద వారానికి ఒకసారే అని స్పష్టంగా ఉండాలి, బిళ్లలు డబ్బాలో విడిగా కాకుండా స్ట్రిప్పుల్లోనే రావాలి, రోగి చేతికి హెచ్చరిక కార్డు ఇవ్వాలి.

మా దగ్గర చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. కౌంటరులో చెప్పేది ఒడియాలో. వినేది తెలుగో సవరో తప్ప మరోటి రాని మనిషి. స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి కాగితం కవరులో వేసి, పైన గీతలు గీసి ఇస్తారు. మందు పేరున్న ముక్క ఒకరికి పోతే గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి పోతుంది. పైగా 2.5 మిల్లీగ్రాముల బిళ్లా, 10 మిల్లీగ్రాముల బిళ్లా రెండూ బజారులో ఉన్నాయి. చిన్న బిళ్లలు నాలుగు వేసుకోవడం అలవాటైన ఆవిడకు ఈసారి పెద్ద మోతాదువి ఇచ్చి ఆ సంగతి చెప్పకపోతే, అలవాటు ప్రకారం నాలుగూ వేసుకుంటుంది. 10 మిల్లీగ్రాములు కావలసిన చోట 40 పడతాయి.

దీనికి తోడు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చాలాసార్లు చిన్న పసుపు బిళ్లగానే వస్తుంది. మా ఎరుకలో ఒక పెద్దావిడ రెండు కవర్లూ తారుమారు చేసుకుంది. ఫోలిక్ యాసిడ్ వారానికొకటి, మెథోట్రెక్సేట్ రోజుకొకటి వేసుకుంది. మెతుకు మింగలేని పరిస్థితిలో సరిహద్దు దాటించి ఆసుపత్రిలో చేర్చారు. బతికింది. ఆవిడకు చదువు రాదు. ఇందులో ఆవిడ తప్పేముందో ఎవరైనా చెప్పగలరా?

2. భయపడి మందు మానేస్తున్నారు.

షాపులో ఎవరో 'ఇది క్యాన్సర్ మందమ్మా' అంటారు. ఆ మాట విన్నాక ఇంట్లో మగవాళ్లు ఆ మందు ముట్టనివ్వరు. క్యాన్సర్‌కు దీన్ని వాడే మాట నిజమే. అక్కడి మోతాదులు వేరు, మనకిచ్చేది వాటి పక్కన ఎంతో చిన్నది. ఈ సంగతి డాక్టరుగారు రెండు నిమిషాలు ముందే చెప్పి ఉంటే షాపులో విన్న మాటకు ఎవరూ బెదరరు. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, మెథోట్రెక్సేట్ కూడా అక్కడినుంచే వచ్చింది. మా పిల్లలకు ఈ విషయం చెప్పినప్పుడు వాళ్ల కళ్లు మెరుస్తాయి. అంత దూరాన ఒక తెలుగువాడి ప్రయోగశాలలో పుట్టిన మందు, ఇక్కడ తెలుగులో ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక చెత్తబుట్టలో పడుతోంది.

ఇబ్బందులను దాచమని మేం అడగడం లేదు. వికారం, నీరసం, నోటిపూత, జుట్టు పలచబడడం ఉంటాయని చెప్పండి. కాలేయం మీద ఒత్తిడి పడవచ్చని, రక్తకణాలు తగ్గవచ్చని, అరుదుగా ఊపిరితిత్తులు వాస్తాయని, పొడిదగ్గూ ఆయాసమూ వస్తే మందు ఆపి వెంటనే రావాలని చెప్పండి. ఫోలిక్ యాసిడ్ సరిగా వేసుకుంటే వీటిలో చాలా తగ్గుతాయని, బిళ్ల పడకపోతే అదే మందు ఇంజెక్షన్‌గా ఉందని కూడా చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది పనిచేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పండి. చెప్పనందువల్ల రెండో వారానికే 'ఈ మందు పనిచేయలేదు' అని పక్కన పడేస్తున్నారు. అలా పడేసినవాళ్లు తర్వాత ఎక్కడికి పోతున్నారో కింది అంశంలో ఉంది.

3. స్టెరాయిడ్ సూదికి అలవాటు పడుతున్నారు.

సూది వేయించుకున్న మర్నాడే వేళ్లు ఆడతాయి. వారం తిరిగేలోపు ఊడ్పుకు దిగవచ్చు. మూడు నెలలు ఆగితే గాని ఫలితం కనిపించని బిళ్ల కంటే ఒక్క రాత్రిలో లేపి నిలబెట్టే సూదినే కూలిమనిషి నమ్ముతుంది. ఎవరైనా అంతే. ఆ సూదిలో ఉన్నది డెక్సామెథాసోన్ అని గాని, పొట్లంలో కట్టిచ్చే పేరులేని పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చని గాని ఆవిడకు ఎవరూ చెప్పరు. 'శక్తి మందు' అంటారు.

స్టెరాయిడ్ వాడనే కూడదని మా వాదన కాదు. మెథోట్రెక్సేట్ వంటి అసలు మందు పని మొదలుపెట్టే దాకా కొద్దిపాటి ప్రెడ్నిసొలోన్‌ను కొన్ని వారాలు ఇచ్చి, తగ్గిస్తూ మూడు నెలల లోపు ఆపేయడం చాలామంది నిపుణులు ఒప్పుకునే పద్ధతే. కొందరు నిపుణులు అదీ వీలైనంతవరకు వద్దంటారు. ఏళ్ల తరబడి వాడడం మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ముఖం ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారుతాయి, కంట్లో శుక్లం పడుతుంది, తుంటి ఎముకకు రక్తం అందక కుళ్లిపోవచ్చు, అణగి ఉన్న క్షయ బయటపడుతుంది. ఇవన్నీ జరుగుతుండగా కీళ్లను లోపల జబ్బు తినేస్తూనే ఉంటుంది, నొప్పి మాత్రం తెలియదు. ఇంకో ప్రమాదం: ఎక్కువకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి 'ఆ సూది మానెయ్' అని గద్దించి పంపేయడం కూడా మేలు కాదు. మెల్లగా తగ్గించే దారి చూపాలి.

ఆర్‌ఎంపీలను తిట్టి ఈ విషయం వదిలేయడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి కొండ మీది గూడేనికి నడిచి వెళ్లేది వాళ్లే. వాళ్లకు ఈ జబ్బు గురించి చెప్పి, ఫలానా లక్షణాలుంటే ఫలానా చోటికి పంపండని ఆ చోటు చూపించే బాధ్యత శాఖది. పంపడానికి చోటే లేనప్పుడు సూదే మిగులుతుంది.

4. నొప్పి బిళ్లలతో కిడ్నీలు పోతున్నాయి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ వంటివి నొప్పినీ వాపునీ ఆ పూటకు తగ్గిస్తాయి. జబ్బును ఆపవు. రోజూ మింగితే కడుపులో పుండు, బీపీ, కిడ్నీ దెబ్బ. ఇది ఎక్కడైనా ప్రమాదమే, మా దగ్గర ఇంకా ఎక్కువ. సరిహద్దుకు అటుపక్క కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో అంతుచిక్కని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు తెలుసు. దాని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరవవలసి వచ్చింది. మా ఇళ్లలో కోడళ్లు ఆ ఊళ్ల నుంచి వచ్చారు, మా ఆడపిల్లలు ఆ ఊళ్లకు వెళ్లారు. అలాంటి చోట కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా నెలల తరబడి నొప్పి బిళ్లలు ఇవ్వడం ఎంతమాత్రం తగదు.

మెథోట్రెక్సేట్ కూడా బయటికి పోవలసింది కిడ్నీల ద్వారానే. అవి బలహీనంగా ఉంటే వారానికొకసారి వేసుకున్న మోతాదు కూడా ఒంట్లో పేరుకుని విషమవుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న వారం ఆ మందు ఆపి డాక్టరును అడగాలన్న చిన్న జాగ్రత్త మాలో ఎంతమందికి తెలుసు? మూత్రంలో మంటకో విరేచనాలకో మామూలుగా రాసే కోట్రైమాక్సజోల్‌ను మెథోట్రెక్సేట్‌తో కలిపితే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయన్న సంగతి, ఆ మందు ఇచ్చే నర్సమ్మకైనా ఎవరైనా చెప్పారా?

5. మనిషిని చూడకుండా అందరికీ ఒకటే చీటీ రాస్తున్నారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే, కాబట్టి వివరంగా రాస్తాను.

పెళ్లై ఏడాదైనా కాని పిల్లకు మెథోట్రెక్సేట్ రాసి, 'గర్భం రాకుండా చూసుకో' అన్న ఒక్క మాట చెప్పకుండా పంపుతున్నారు. అది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. బిడ్డ కావాలనుకుంటే మూడు నెలల ముందే ఆపాలని సాధారణంగా చెబుతారు. ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో మందు లెఫ్లునోమైడ్ ఇంకా మొండిది. మానేశాక కూడా రెండేళ్ల దాకా ఒంట్లో ఉండిపోవచ్చు, దాన్ని కడిగేయడానికి వేరే మందు వాడాలి. అదే పిల్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ అయితే డాక్టరు కనిపెట్టుకుని ఉండగా గర్భంలో కూడా వాడవచ్చు. ఈ తేడా తెలిస్తే ఏ మందు కావాలో ఆ పిల్ల తానే చెబుతుంది. అత్తగారి ఎదుట, క్యూలో పదిమంది వింటుండగా కాకుండా ఒక్కదాన్ని కూర్చోబెట్టి అడగండి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మెత్తని మందని పేరు. మా మలేరియా ప్రాంతంలో దాని దగ్గరి చుట్టం క్లోరోక్విన్‌ను ఎరగనివాళ్లు లేరు, కాబట్టి భయం కూడా తక్కువ. కాని దాన్ని ఒంటి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించనివ్వకూడదు. మా ఆడవాళ్లు చాలామంది 40 కిలోలుంటే ఎక్కువ. లెక్క ప్రకారం రోజుకు 200 మిల్లీగ్రాములు. అలవాటుగా 400 రాసేస్తే అది రెట్టింపు, ఏళ్లు గడిచేకొద్దీ కంటిపొర మీద దెబ్బ. మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష జరగాలి. చీటీ రాసే గదిలో బరువు చూసే యంత్రం పెట్టడానికి బడ్జెట్ కావాలా?

సల్ఫాసలజీన్ మెథోట్రెక్సేట్ పడనివాళ్లకు మంచి దారి. సల్ఫా మందులు పడనివాళ్లకు మాత్రం ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణాలు పగిలిపోవచ్చు. మన గిరిజన ప్రాంతాల్లో ఆ లోపం ఉన్నవాళ్లు ఉన్నారని మలేరియా మందులిచ్చే మీకే బాగా తెలుసు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందు చెప్పకపోతే రక్తం పోతోందని బెంబేలెత్తి మానేస్తారు. ఇంత చిన్న మాట చెప్పకపోవడం వల్ల ఒక మంచి మందు చేజారుతోంది.

ఇక తాగుడు. ఇప్పసారా, జీలుగు కల్లు మా దగ్గర పండక్కే కాదు, పనికి కూడా ఉంటాయి. మెథోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ రెండూ కాలేయం మీద భారం వేసేవే. 'తాగుతావా' అని నిలదీస్తే లేదంటారు. 'ఈ మందుతో సారా కలిస్తే కాలేయం చెడుతుంది, ఏం చేద్దాం' అని అడిగితే నిజం చెబుతారు. పొగ సంగతి కూడా అంతే. తీరంలో ముసలమ్మలు నిప్పు కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. పొగ ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, మందు పనిని తగ్గిస్తుంది. నోటి క్యాన్సర్ గురించి వాళ్లకు చెప్పినవాళ్లున్నారు, కీళ్ల గురించి చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఈ మందులేవీ చాలనప్పుడు టోఫాసిటినిబ్ బిళ్లలు, అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ వంటి, జీవకణాల నుంచి తయారుచేసే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇవి మంచంలో ఉన్నవాళ్లను లేపిన మాట నిజం. వాటికి ముందు క్షయ పరీక్ష, కామెర్ల వైరస్ బీ, సీ పరీక్షలు తప్పనిసరి. టోఫాసిటినిబ్‌తో సర్పి లేచే అవకాశం పెరుగుతుంది. 50 ఏళ్లు దాటి గుండె జబ్బు ముప్పు కూడా ఉన్నవాళ్లలో గుండెపోటు, రక్తం గడ్డలు, కొన్ని క్యాన్సర్లు ఎక్కువగా కనిపించడంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2021లో గట్టి హెచ్చరిక జోడించింది. మన దగ్గర దేశీయ కంపెనీల టోఫాసిటినిబ్ బయోలాజిక్‌ల కంటే చవగ్గా దొరుకుతుంది. చవక కాబట్టి, బిళ్ల కాబట్టి ఛాతీ ఎక్స్‌రే కూడా తీయకుండా రాసిన చీటీలు మేం చూశాం. పొగ తాగే 60 ఏళ్ల ముసలమ్మకు అది మొదటి మందు కాకూడదు.

6. పరీక్ష కోసం ఒక రోజు కూలి, బండి ఖర్చు పోతున్నాయి.

మెథోట్రెక్సేట్ మొదలుపెట్టాక మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ చూడాలి. ఇవి పెద్ద నగరాల్లోనే జరిగే పరీక్షలు కావు. అయినా మా దగ్గరి ఆసుపత్రిలో ఒకసారి రసాయనం లేదంటారు, ఒకసారి మనిషి లేడంటారు. అప్పుడు గుణుపురం రైలెక్కి నౌపడ వైపో, బస్సులో పాతపట్నం దాటి శ్రీకాకుళమో, రాయగడ వాళ్లు పార్వతీపురం మీదుగా విశాఖో పోవాలి. బరంపురం వెళ్లగలిగినవాళ్లు బరంపురం వెళ్తారు. 1936 ఏప్రిల్ 1న గీత గీసి పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారు, మా దారులు మాత్రం రెండు వైపులా ఉన్నాయి. అటువైపు వాళ్ల ఆరోగ్య కార్డు మాకు లేదు. ఇటువైపు కార్డు, ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది.

ఆ చివరి మాట ముఖ్యం. 2025లో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి వచ్చాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. మంచి పథకం, కృతజ్ఞులం. కాని కీళ్లవాతం మంచమెక్కి నయం చేసుకునే జబ్బు కాదు. ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి బిళ్ల వేసుకోవాలి, నెలనెలా రక్తం ఇవ్వాలి. ఆ ఖర్చు ఏ కార్డులోనూ లేదు. వేళ్లు వంకరపోయి, తుంటి విరిగి ఆపరేషన్ బల్ల మీదికి చేరాక మాత్రం ప్రభుత్వం లక్షలు కడుతుంది.

ఇప్పుడు మేం అడుగుతున్నవి.

ఒకటి. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ మూడూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. 2015 నుంచి నడుస్తున్న నిరామయ ఉచిత మందుల పథకం కింద వీటిని, ఫోలిక్ యాసిడ్‌ను జిల్లా ఆసుపత్రిలోనే కాక బ్లాకు స్థాయి ఆసుపత్రుల్లో కూడా ఏడాది పొడవునా ఉంచండి. మెథోట్రెక్సేట్ ఒకే మోతాదు బిళ్ల, 2.5 మిల్లీగ్రాములది మాత్రమే తెప్పించండి. ఒక్క నెల మందు ఆగినా జబ్బు తిరగబెడుతుంది, మనిషి మళ్లీ సూది దగ్గరికి వెళ్తుంది.

రెండు. ప్రతి రోగికి ఒక కార్డు. అందులో మందు పేరు, వారంలో ఏ రోజున వేసుకోవాలో ఆ రోజు చుట్టూ గీసిన గుర్తు, ఎన్ని బిళ్లలు, ఏ లక్షణం కనిపిస్తే ఆపి రావాలి, పరీక్షల తేదీలు. ఒడియాలో, తెలుగులో అచ్చువేయండి. చదువు రానివాళ్లకు బొమ్మలు పెట్టండి. సవర, కుయి మాట్లాడేవాళ్లకు ఆశా కార్యకర్తలు నోటితో చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. నూరేళ్ల కిందట ఒక బడిపంతులు చేయగలిగినది ఇప్పుడు ఒక శాఖ చేయలేదని మేం నమ్మం. తెలుగు పాఠం రాసి, సరిచూసి ఇచ్చే పని మా బడి ఉపాధ్యాయులం ఉచితంగా చేస్తాం.

మూడు. బీపీ, షుగరు కోసం నెలనెలా పరీక్ష చేసే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అదే రోజున, అదే చోట, మెథోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ వాడేవాళ్ల రక్తం కూడా తీయండి. నిదాన్ పథకం కింద పరీక్షలు ఉచితమని బోర్డులున్నాయి. బోర్డు ఉన్న చోట రసాయనం కూడా ఉండాలి.

నాలుగు. కీళ్లవాత నిపుణులు మన జిల్లాల్లో దొరకరని తెలుసు, ప్రతి ఆసుపత్రికీ ఒకరిని వేయమని అడగం. నెలకొకసారి వైద్య కళాశాల నుంచి ఒక డాక్టరు వచ్చే రోజు, మధ్యలో ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా మాట్లాడే వీలు చాలు. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు మెరుగు లేకపోతే మార్చాలని నిపుణుల సూచనలే చెబుతున్నాయి. ఆ మూడో నెలలో రోగిని చూసే డాక్టరు ఒకరు ఉండాలి.

ఐదు. మందుల షాపుల వారికి: డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ బిళ్లలు, సూదులు అమ్మకండి. మెథోట్రెక్సేట్ స్ట్రిప్పును కత్తిరించకండి. కత్తిరించక తప్పకపోతే కవరు మీద 'వారానికి ఒకే రోజు' అని తెలుగులోనో ఒడియాలోనో రాసి ఇవ్వండి. 'క్యాన్సర్ మందు' అని మాత్రం అనకండి. పేరులేని పొడి పొట్లాల నమూనాలు తీసి పరీక్షించే బాధ్యత ఔషధ నియంత్రణ అధికారులది. ఎక్కడ అమ్ముతారో చూపించడానికి మేం సిద్ధం.

ఆరు. డాక్టర్లకు చేతులెత్తి చేసే మనవి. ఒక పూటలో వందమందిని చూస్తున్నారని తెలుసు. కొత్తగా ఈ జబ్బు తేలిన మనిషికి మాత్రం ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. పిల్లలు కావాలా, తాగుడు ఉందా, కిడ్నీ, క్షయ చరిత్ర ఏమిటి, ఒంటి బరువెంత, ఏం పని చేస్తుంది అని అడగండి. మీరు ఏ రెండు మందుల మధ్య ఎంచుతున్నారో, ఎందుకు ఒకటి వద్దనుకున్నారో చెప్పండి. మాకు అర్థం కాదనుకోకండి. విత్తనం దగ్గర, పెళ్లి సంబంధం దగ్గర, అప్పు దగ్గర రోజూ లాభనష్టాలు చూసుకునే మనుషులం.

ఆషాఢం వస్తే ఊడ్పులు మొదలవుతాయి. ఆ లోపు మొదటి రక్తపరీక్షల రోజు ఏ ఊళ్లో, ఏ తేదీనో ప్రకటించండి. ఈ లేఖకు జవాబును ఒడియాలో, తెలుగులో ఆసుపత్రి గోడ మీద అంటించండి. సమావేశానికి పిలిస్తే మందుల కవర్లు, చీటీలు అన్నీ పట్టుకుని వస్తాం.

ఇట్లు,
ఒడిశా సరిహద్దు జిల్లాల కీళ్లవాత రోగులు, వారి కుటుంబాల తరఫున,
పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయిని